టోస్ట్ మీద ఏం వేసుకుంటారు? నాది ఐదు నిమిషాల్లో మెత్తబడిపోతోంది

పొద్దుటి_కాఫీ
నాకు ఉదయం పూట రెండు టోస్టులుంటే చాలు. కానీ ఏడాదిగా అదే బటర్, అదే జామ్. విసుగొచ్చేసింది. దానికి తోడు ఇంకో బాధ. టోస్టర్‌లోంచి తీసినప్పుడు కరకరలాడుతూనే ఉంటుంది. ప్లేట్లో పెట్టి, జామ్ రాసి, కాఫీ కలుపుకుని వచ్చి కూర్చునేసరికి అడుగు తడిసిపోయి ఉంటుంది. చేత్తో పట్టుకుంటే మధ్యలో వంగిపోతుంది. బ్రెడ్ మార్చి చూశాను. ఎక్కువసేపు పెట్టి చూశాను, అంచులు మాడాయి గానీ మధ్యలో అదే మెత్తదనం. మీరు ఎలా చేసుకుంటారు, పైన ఏం వేసుకుంటారు? దయచేసి వివరంగా రాయండి, ఒక్క ముక్కలో చెప్పి వదిలేయకండి.

వెన్నపూస
బటర్. ఉప్పు కలిసినది.

హాస్టల్_గది
ఒక్క ముక్కలో వదిలేయొద్దంటే మూడు ముక్కల్లో వదిలారు వెన్నపూస గారు :)

గోధుమరంగు
నాకూ ఇదే బాధ. ఇన్నాళ్ళూ తప్పు బ్రెడ్‌దే అనుకున్నాను. బ్రౌన్ బ్రెడ్‌కి మారాక ఇంకో చిక్కు వచ్చింది. అది ముందే గోధుమరంగులో ఉంటుంది కదా, కాలిందో లేదో చూసి చెప్పలేకపోతున్నాను.

రసాయనశాల
కాఫీ గారూ, మీ టోస్ట్‌ని ముందు తడుపుతున్నది జామ్ కాదు, మీ ప్లేటు. వేడి స్లైస్‌కి పైపొర ఎండినా లోపల ఇంకా బోలెడు తడి ఉంటుంది. అది ఆవిరిగా బయటికి వస్తూనే ఉంటుంది. చల్లటి ప్లేటు మీద పరిచి పెడితే కింది ఆవిరికి దారి ఉండదు. ప్లేటుకి తగిలి నీరై మళ్ళీ స్లైస్‌లోకే ఇంకిపోతుంది. రేపు ఒకసారి స్లైస్ ఎత్తి చూడండి, ప్లేటుకి చెమట పట్టి ఉంటుంది.

తీయగానే రెండు స్లైసులనూ ఒకదానికొకటి ఆనించి గుడారంలా నిలబెట్టండి. ఒక్క నిమిషం చాలు. తీగల జాలీ ఉంటే ఇంకా మంచిది. టోస్టులు నిలబెట్టే చిన్న స్టాండ్లు ఉంటాయి చూడండి, చాలామంది వాటిని టేబుల్ మీద అలంకారం అనుకుంటారు. వాటి అసలు పని ఇదే.

ఇక మధ్యలో మెత్తదనం సంగతి. పైపొరలో తడి ఉన్నంతసేపు అక్కడి వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. తడి పోయాకే పైకి ఎక్కుతుంది. 140 డిగ్రీల దగ్గర్లో ఆ బంగారు రంగు, ఆ వాసన జోరుగా పుట్టడం మొదలవుతుంది. పిండిలోని చక్కెరలూ ప్రొటీన్‌లలోని అమైనో ఆమ్లాలూ కలిసి చేసే పని అది. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లూయీ కామిల్ మయార్ 1912లో దీన్ని వివరించాడు, అందుకే మయార్ చర్య అంటారు. వేడి ఎక్కువ పెడితే అంచులు ముందు ఆరి, ముందు మాడతాయి. అప్పటికి మధ్యభాగం ఇంకా ఆరుతూనే ఉంటుంది. అందుకే తక్కువ వేడి మీద ఎక్కువసేపు పెట్టండి.

పుల్లని_పిండి
పై పోస్టులో ప్లేటు విషయం నూటికి నూరు పాళ్ళూ నిజం. తక్కువ వేడి మాత్రం అన్నిటికీ పనికిరాదు. నేను వారానికి రెండుసార్లు బ్రెడ్ నేనే చేసుకుంటాను, నా అనుభవం చెబుతాను.

పలచటి స్లైస్‌ని తక్కువ వేడి మీద ఎక్కువసేపు పెడితే లోపలిదాకా ఎండిపోతుంది. అది రస్కు, టోస్ట్ కాదు. రస్కు మీద ఏదైనా వేసి కొరికితే పగిలి ఒళ్ళో పడుతుంది. నాకు కావాల్సింది పైన గట్టి పొర, లోపల దూదిలాంటి మెత్తదనం. దానికి స్లైస్ రెండు సెంటీమీటర్ల దాకా మందం ఉండాలి, వేడి ఎక్కువ ఉండాలి, సమయం తక్కువ ఉండాలి.

కాబట్టి పైన ఏం వేస్తారో ముందు తేల్చుకోండి, తర్వాత టోస్ట్ చేయండి. తడిగా ఉండేది వేస్తే మందంగా కోసి బాగా కాల్చండి. ఉత్త వెన్నే అయితే పలచగా ఉన్నా ఫర్వాలేదు. గోధుమరంగు గారికి: రంగు చూడకండి, వాసన చూడండి, కత్తి వెనక వైపుతో గీకి చూడండి. కాలిన పొర గరగరమని చప్పుడు చేస్తుంది.

వెన్నపూస
సరే, వివరంగా రాస్తాను. వెన్న అంటే నాకు ప్రాణం, అందుకే మొదట మూడు ముక్కలు సరిపోతాయనుకున్నాను.

టోస్ట్ మీద వెన్న రెండుసార్లు వేయాలి. మొదటిది తీసిన వెంటనే, చాలా పలచగా. అది కరిగి పైపొరలోకి దిగిపోతుంది. దీనికి ముందే బయట పెట్టి మెత్తబడిన వెన్న కావాలి. గట్టి వెన్నతో రుద్దితే రొట్టె చిరుగుతుంది. ఒక నిమిషం ఆగాక రెండోసారి. ఇప్పుడు ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి వెన్నని కత్తితో రేకుల్లా కోసి, రాయకుండా పైన పేర్చాలి. అప్పటికి టోస్ట్ గోరువెచ్చగా ఉంటుంది కాబట్టి అవి పూర్తిగా కరగవు. కొరికినప్పుడు కింద కరిగిన వెన్న, పైన చల్లటి వెన్న, రెండూ విడివిడిగా తెలుస్తాయి. పైన నాలుగు ఉప్పు పలుకులు. ఇంకేం వద్దు. దీని మీద జామ్ వేస్తే నాకు బాధేస్తుంది.

మాడిన_అంచు
మీరంతా బంగారు రంగు, బంగారు రంగు అంటున్నారు. నాకు టోస్ట్ అంటే ముదురు గోధుమరంగు, అంచులు నల్లబడాలి. కొంచెం చేదు తగలాలి. ఆ చేదు మీద తీపి జామ్ వేస్తే ఉండే రుచి లేత టోస్ట్‌కి ఎప్పటికీ రాదు. లేతగా కాల్చినది వేడి చేసిన బ్రెడ్, అంతకన్నా ఏం లేదు.

నిమ్మచెక్క
మాడిన అంచు గారూ, రుచి మీ ఇష్టం గానీ ఒక్క మాట. పిండి పదార్థాలను 120 డిగ్రీలు దాటి కాల్చినా వేయించినా అక్రిలమైడ్ అనేది ఏర్పడుతుంది. 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు దీన్ని బయటపెట్టారు. జంతువుల్లో అది క్యాన్సర్ తెస్తుందని పరీక్షల్లో తేలింది. నల్లబడేకొద్దీ ఎక్కువవుతుంది. 2017లో బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ కూడా టోస్ట్, బంగాళదుంపల్లాంటివి బంగారు రంగు దగ్గరే ఆపమని చెప్పింది. మా ఇంట్లో నాన్నగారికీ ముదురే ఇష్టం. రోజూ గొడవే.

మాడిన_అంచు
తెలుసండీ. నల్లగా బొగ్గులా తినమని నేనూ అనట్లేదు. నల్లబడిన చోట కత్తితో గీకేస్తాను. వారానికి మూడు రోజులు తింటాను, రోజూ కాదు. కానీ ఆ రుచి వదులుకోలేను.

రసాయనశాల
ఇద్దరికీ కుదిరే దారి ఒకటుంది. ముదురు గోధుమరంగు దాకా వెళ్ళి, నల్లబడకముందే ఆపేయండి. ఆ రెంటికీ మధ్య తేడా కొద్ది క్షణాలే, దగ్గర నిలబడి చూసుకోవాలి. మామూలు ప్యాకెట్ బ్రెడ్‌లో చక్కెర వేస్తారు కాబట్టి త్వరగా రంగెక్కుతుంది. పుల్లని పిండి గారు చేసుకునే రకంలో చక్కెర విడిగా వేయరు, ఉన్నదాన్ని పులియబెట్టే జీవులే చాలావరకు తినేస్తాయి. అందుకే అది నిదానంగా రంగెక్కుతుంది, ఆపుకోవడానికి మనకి తీరిక దొరుకుతుంది.

హాస్టల్_గది
టోస్టర్ లేనివాళ్ళ సంగతి కూడా చూడండి. మా గదిలో టోస్టర్ పెట్టనివ్వరు. చదువుకునే రోజుల్లో మా సీనియర్ ఒకాయన బ్రెడ్‌ని అల్యూమినియం రేకులో చుట్టి ఇస్త్రీపెట్టెతో కాల్చేవాడు. నిజంగానే రంగు వచ్చేది. రెండో వైపు తిప్పేటప్పుడు వేళ్ళు కాల్చుకున్నాడు, దుప్పటికి గోధుమరంగు ముద్ర పడింది, దాంతో ఆ వంట ఆగిపోయింది. ఇప్పుడు మాకు వార్డెన్ ఒప్పుకున్న చిన్న పొయ్యి, ఒక పెనం ఉన్నాయి. దాంతో ఎలా?

ఇనుప_పెనం
తమ్ముడూ, నువ్వు అదృష్టవంతుడివి. పెనం మీద వచ్చే టోస్ట్ ముందు టోస్టర్ నిలవదు. టోస్టర్‌లో వేడి గాలిలోంచి తగులుతుంది. పెనం మీద రొట్టె నేరుగా లోహానికి అతుక్కుని కాలుతుంది, పైగా మధ్యలో కొవ్వు ఉంటుంది. ఆ పొర గట్టిదనమే వేరు.

పెనం మధ్యస్థంగా వేడెక్కాలి. వెన్నని పెనం మీద వేయకుండా బ్రెడ్‌కే రెండు వైపులా పలచగా రాయి. పెనం మీద వేస్తే ఒకచోటే పీల్చుకుంటుంది, ఇంకోచోట పొడిగా ఉంటుంది. గరిటె వెనకతో మెల్లగా నొక్కు, నలిపేయకు. ఒక్కో వైపు రెండు మూడు నిమిషాలు. మంట పెంచకు. వెన్నలో పాల పదార్థం ఉంటుంది, అది త్వరగా మాడుతుంది. వెన్న కాచి వడగట్టిన నెయ్యి వాడితే ఆ భయం ఉండదు, అందులో నీళ్ళూ దాదాపు ఉండవు కాబట్టి టోస్ట్ ఎక్కువసేపు గట్టిగా ఉంటుంది.

వెన్నపూస
వెన్న ముందే రాసి కాల్చితే అది వేయించిన బ్రెడ్ అవుతుంది, టోస్ట్ అవదు. రుచిగా ఉంటుంది, కాదనను. కానీ చల్లటి వెన్న రుచి అందులో ఎక్కడుంటుంది?

ఇనుప_పెనం
పేరు ఏదైతేనేం, ఒకసారి తిని చూడండి. పైన చల్లటి వెన్న పెట్టుకోవద్దని ఎవరన్నారు?

పొద్దుటి_కాఫీ
ప్లేటు ఎత్తి చూశాను. నిజంగానే చెమట పట్టింది! ఏడాదిగా నేను జామ్‌ని తిడుతున్నాను. రేపు గుడారం పద్ధతి చేస్తాను. మరి జామ్ మాటేమిటి, అందులోనూ నీళ్ళుంటాయిగా?

నిమ్మచెక్క
ఉంటాయి, దాదాపు మూడో వంతు నీళ్ళే. అందుకే ముందు వెన్న అంచుల దాకా రాయాలి. వెన్నలో కనీసం 80 శాతం కొవ్వు ఉంటుంది, నీటిని లోపలికి దిగనివ్వదు. చాలామంది మధ్యలో రాసి అంచులు వదిలేస్తారు, జామ్ ఆ సందుల్లోంచి దిగుతుంది. ఇంకోటి, వెన్న పూర్తిగా కరిగి లోపలికి పోతే పైన అడ్డు ఉండదు. టోస్ట్ కాస్త చల్లారాక రాస్తేనే ఆ పొర నిలుస్తుంది. వెన్నపూస గారి రెండో విడత పద్ధతి మీకు ఇక్కడ పనికొస్తుంది.

తీపి_వద్దు
ఎంతసేపూ జామేనా? పొద్దున్నే తీపి నాకు పడదు. నా టోస్ట్ ఇది.

మందంగా కోసిన బ్రెడ్, బాగా కాల్చినది, వేడిగా ఉండగానే ఒలిచిన వెల్లుల్లి రెబ్బతో పైన రుద్దండి. టోస్ట్ ఇసుక కాగితంలా గరుకుగా ఉంటుంది కాబట్టి వెల్లుల్లి దానంతట అదే అరిగిపోతుంది. రెండు సార్లు చాలు, ఎక్కువ రుద్దితే నోరు మండుతుంది. తర్వాత బాగా పండిన టమాటాని అడ్డంగా కోసి, ఆ కోసిన వైపు టోస్ట్ మీద అదిమి రుద్దండి. గుజ్జంతా రొట్టెలో దిగి చేతిలో తొక్క మిగులుతుంది. ఉప్పు, చివరగా ఆలివ్ నూనె. స్పెయిన్‌లోని కాటలోనియా వాళ్ళు ఇలాగే తింటారు. ఇటలీ వాళ్ళ బ్రుస్కెట్టాకీ ఇదే మూలసూత్రం, కాల్చిన రొట్టె, వెల్లుల్లి, నూనె. వాళ్ళు టమాటాని ముక్కలుగా కోసి పైన వేస్తారు. నాకు ముక్కలకన్నా గుజ్జే ఇష్టం, ముక్కలు కొరికేటప్పుడు జారి పడతాయి.

గోధుమరంగు
టమాటా గుజ్జంటే అంతా నీళ్ళే కదా. నిమ్మచెక్క గారి లెక్క ప్రకారం ముందు నూనె వేయాలి, మీరు చివర వేస్తున్నారు.

తీపి_వద్దు
ఇక్కడ టోస్ట్ టమాటాని పీల్చుకోవాలి, అదే కావాలి. పైపొర తడిసి లోపలి గట్టిదనం మిగిలిన ఆ రెండు నిమిషాల్లో తినేయాలి. కాఫీ కలపడానికి వెళ్ళకూడదు. ముందు కాఫీ కలుపుకుని కూర్చుని, ఆ తర్వాత టమాటా రుద్దండి.

తేనెచుక్క
తీపి వద్దన్నవారి తర్వాత తీపి గురించి రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

మామూలు తేనె వేడి టోస్ట్ మీద వేస్తే పలచబడి రంధ్రాల్లోంచి కిందికి కారుతుంది, చేతులు జిగురు. గడ్డకట్టిన తేనె వాడండి. తేనె గడ్డకడితే పాడైందనుకుని పారేస్తారు, అది పాడవడం కాదు, అందులోని గ్లూకోజు పలుకులుగా మారుతుంది. అది వెన్నలా రాయడానికి వస్తుంది, పైన నిలుస్తుంది. కింద ఉప్పు వెన్న, పైన ఈ తేనె.

ఇంకోటి దాల్చినచెక్క టోస్ట్. చాలామంది వెన్న రాసిన టోస్ట్ మీద చక్కెర, దాల్చినచెక్క పొడి చల్లుకుంటారు. అలా చేస్తే పొడి దగ్గు తెప్పిస్తుంది. మెత్తటి వెన్నలోనే చక్కెర, పొడి, చిటికెడు ఉప్పు కలిపి ముద్ద చేసుకోండి. ఒక వైపు కాల్చిన బ్రెడ్‌కి కాలని వైపు ఇది అంచుల దాకా రాసి, ఓవెన్‌లో పై మంట కింద పెట్టండి. చక్కెర కరిగి బుడగలు వస్తుంది. తీశాక రెండు నిమిషాలు ఆగితే గాజులా గట్టిపడుతుంది. వేడిగా ఉండగా కొరకొద్దు, కరిగిన చక్కెర నాలుకని బాగా కాలుస్తుంది.

బుజ్జి_తల్లి
దాల్చినచెక్క ముద్ద చేసి చూశాను, పిల్లలు ఎగబడ్డారు. పై మంట లేకపోయినా పెనం మీద, ముద్ద రాసిన వైపు చివర్లో అర నిమిషం పెడితే వచ్చింది.

మా చిన్నదానికి అంచులు ఇష్టం ఉండదు. కోసేయమని ఏడుపు. టోస్ట్‌ని నాలుగు త్రికోణాలుగా కోస్తే ఒక్కో ముక్కకి ఒక్క వైపే అంచు వస్తుంది, దాన్ని చేత్తో పట్టుకోవడానికి వాడుకుంటోంది. చివరికి అదీ తినేస్తోంది.

హాస్టల్_గది
పీనట్ బటర్ గురించి ఎవరూ మాట్లాడరేం? మా గదిలో నెలకి రెండు డబ్బాలు అవుతాయి. వేడి టోస్ట్ మీద రాస్తే సగం కరిగి మెరుస్తుంది. దాని మీద అరటిపండు చక్రాలు, కొంచెం ఉప్పు. మధ్యాహ్నం దాకా ఆకలి వేయదు.

పుల్లని_పిండి
అరటిపండు మీద ఉప్పు మంచి ఆలోచన. నేను నువ్వుల ముద్ద, తేనె కలిపి రాస్తాను, దానికీ ఉప్పు కావాలి. కొవ్వు, తీపి రెండే ఉంటే నాలుగు ముక్కలకి మొహం మొత్తుతుంది.

ఇంకో విషయం, ఎవరూ అడగలేదు గానీ చెప్పాలి. టోస్ట్‌కి ఈ రోజు చేసిన బ్రెడ్ కన్నా నిన్నటిది మేలు. తాజా దాంట్లో తడి ఎక్కువ, కోస్తే నలుగుతుంది, రంగు సమంగా రాదు. పాత బ్రెడ్ గట్టిపడేది ఎండిపోయి మాత్రమే కాదు. అందులోని పిండి అణువులు మళ్ళీ పేర్చుకుని బిగుసుకుంటాయి. కాల్చితే ఆ బిగువు సడలుతుంది, అందుకే నిన్నటి బ్రెడ్ టోస్ట్ చేస్తే మళ్ళీ తాజాగా అనిపిస్తుంది. ఫ్రిజ్ చల్లదనంలో ఈ బిగుసుకోవడం ఇంకా త్వరగా జరుగుతుంది. కాబట్టి బ్రెడ్ ఫ్రిజ్‌లో పెట్టకండి. రెండు రోజుల్లో తినలేమనుకుంటే స్లైసులుగా కోసి ఫ్రీజర్‌లో పెట్టండి. అక్కడ ఆగిపోతుంది. తీసి కరిగేదాకా ఆగక్కర్లేదు, గడ్డకట్టిన స్లైస్‌నే టోస్టర్‌లో వేసేయొచ్చు.

బుజ్జి_తల్లి
ఫ్రిజ్ బయట పెడితే మా ఇంట్లో మూడో రోజుకి బూజు వస్తోంది. ఎలా?

పుల్లని_పిండి
అందుకే ఫ్రీజర్. బూజు కనబడితే ఆ స్లైస్ ఒక్కటే తీసేసి మిగతాది టోస్ట్ చేయకండి. మెత్తటి బ్రెడ్‌లో బూజు వేళ్ళు కనపడకుండా లోపలికి పోతాయి. మొత్తం పారేయండి.

నిమ్మచెక్క
బూజు రాకముందు, ఎండిపోయిన బ్రెడ్‌కి ఫ్రెంచ్ టోస్ట్ ఉంది. ఫ్రాన్స్‌లో దాని పేరుకి అర్థమే "పోయిన రొట్టె". ఎండిన బ్రెడ్ గుడ్డూ పాలూ బాగా పీల్చి కూడా విడిపోదు. తాజా బ్రెడ్‌తో చేస్తే ముద్దయిపోతుంది.

నాకు ఇష్టమైనది అవకాడో. పండినదాన్ని ఫోర్కుతో సగం సగం నలిపి, నిమ్మరసం, ఉప్పు, మిరియాలు. నిమ్మరసం రుచికే కాదు, పండు నల్లబడకుండా కూడా ఆపుతుంది.

పాతరేడియో
అందరూ ఏం తినాలో చెబుతున్నారు, నేను ఆ యంత్రం గురించి నాలుగు మాటలు చెబుతాను. నాకు పాత కరెంటు సామాన్లు విప్పి బాగుచేయడం ఇష్టం.

టోస్టర్‌లో ఎర్రబడే తీగ ఉంది చూశారూ, అది నికెల్, క్రోమియం కలిపిన నిక్రోమ్. ఆల్బర్ట్ మార్ష్ అనే అమెరికన్ 1906లో దానికి పేటెంట్ తీసుకున్నాడు. అంతకుముందు ఇనుప తీగ వాడితే ఎర్రగా కాలి, గాలి తగిలి త్వరగా తెగిపోయేది. నిక్రోమ్ వచ్చాకే ఇంట్లో వాడే టోస్టర్లు నిలదొక్కుకున్నాయి. 1909లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ డీ-12 అనే మోడల్ అమ్మింది. అందులో ఒకసారికి ఒక వైపే కాలేది, మనమే తిప్పాలి, మనమే చూసుకుని ఆపాలి. కాలగానే తనంతట తాను పైకి ఎగిరే టోస్టర్‌కి చార్లెస్ స్ట్రైట్ 1921లో పేటెంట్ పొందాడు. ఇక యంత్రంతో కోసిన బ్రెడ్ మొదట అమ్మకానికి వచ్చింది 1928 జులైలో, అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో. అంటే కోసిన బ్రెడ్ కన్నా ఎగిరే టోస్టర్ వయసులో పెద్దది.

హాస్టల్ తమ్ముడు ఇస్త్రీపెట్టె కథ చెప్పాడు కాబట్టి ఒక హెచ్చరిక. ఇరుక్కున్న స్లైస్‌ని ఫోర్కుతోనో కత్తితోనో తీయకండి. ఆ తీగలో కరెంటు నేరుగా పారుతుంది, దాని మీద ఏ తొడుగూ ఉండదు. ప్లగ్ పీకి, చల్లారాక, చెక్క పుల్లతో తీయండి. కింద పొట్టు రాలే ట్రే వారానికోసారి దులపండి. బాగుచేయమని నాకు తెచ్చిన టోస్టర్లలో సగం పాడయ్యి ఉండవు, పొట్టు నిండి పొగ వచ్చేవే.

మాడిన_అంచు
పాతరేడియో గారూ, మరి టోస్టర్ మీద ఉండే ఆ నంబర్లకి అర్థమేంటి? 3 అంటే మూడు నిమిషాలా?

పాతరేడియో
చాలా వాటిలో కాదు. ఎక్కువ, తక్కువ అని చెప్పే గుర్తులు మాత్రమే. ఒక కంపెనీ 3కీ ఇంకో కంపెనీ 3కీ పోలిక ఉండదు. కొత్తది కొన్నప్పుడు ఒక్కో నంబర్ మీద ఒక స్లైస్ కాల్చి వరసగా పేర్చి చూసుకోండి.

తీపి_వద్దు
వెజిమైట్ తిన్నవాళ్ళున్నారా ఇక్కడ? స్నేహితురాలు ఆస్ట్రేలియా నుంచి తెచ్చింది. జామ్ లాగా దట్టంగా రాసి తిన్నాను. ఉప్పు గని నోట్లో పెట్టుకున్నట్టయింది. దీన్ని ఎలా తింటారో!

నిమ్మచెక్క
అక్కా, దాన్ని అలా తినరు! మా తమ్ముడు అక్కడే చదివాడు, వాడు నేర్పాడు. టోస్ట్ వేడిగా ఉండగా వెన్న దండిగా రాయాలి. తర్వాత కత్తి కొనకి పెసరగింజంత వెజిమైట్ తీసుకుని, వెన్న కనబడేంత పలచగా అక్కడక్కడ గీతల్లా లాగాలి. బీరు తయారీలో మిగిలిన ఈస్ట్‌తో 1920లలో మెల్‌బోర్న్‌లో తయారుచేశారు దాన్ని. ఉప్పు, ఘాటు చాలా ఎక్కువ. దాన్ని పచ్చడిలా అనుకోకుండా మసాలాలా అనుకుంటే రుచి తెలుస్తుంది. పైన చీజ్ వేసి కరిగిస్తే ఇంకా బాగుంటుంది.

తీపి_వద్దు
ఇంకో అవకాశం ఇచ్చి చూస్తాను. డబ్బా అంతా అలాగే ఉంది.

ఇనుప_పెనం
చీజ్ మాట వచ్చింది కాబట్టి. ముక్కలుగా కాకుండా తురిమి వేయండి, సమంగా కరుగుతుంది. కింద ఆవపిండి సాస్ చుక్క. బ్రెడ్‌ని ముందే రెండు వైపులా కాల్చి, ఆ తర్వాత చీజ్ వేసి మూత పెట్టండి. పచ్చి బ్రెడ్ మీద చీజ్ కరిగిస్తే పైది కరిగేలోపు కింద మాడుతుంది.

పుట్టగొడుగులు వేసేవాళ్ళకి కూడా ఒక మాట. వాటిలో నీళ్ళన్నీ ఆవిరయ్యేదాకా వేయించి అప్పుడే టోస్ట్ మీద వేయండి. తొందరపడితే కాఫీ గారి కథే మళ్ళీ.

బుజ్జి_తల్లి
పెద్దవాడి ప్రశ్న ఒకటి, ఎవరికైనా తెలిస్తే చెప్పండి. టోస్ట్ చేయి జారితే ప్రతిసారీ వెన్న రాసిన వైపే ఎందుకు కింద పడుతుంది? ఈ ఉదయం నాలుగోది పడింది, వాడు ఏడుపు ఆపి ఈ ప్రశ్న అడిగాడు.

రసాయనశాల
మంచి ప్రశ్న అడిగాడు, వాడికి చెప్పండి. వెన్న బరువు వల్ల కాదు, టేబుల్ ఎత్తు వల్ల. అంచు మీంచి జారేటప్పుడు టోస్ట్ తిరగడం మొదలుపెడుతుంది. మన టేబుళ్ళ ఎత్తు నుంచి నేల చేరేలోపు దానికి సగం చుట్టు తిరిగే సమయమే ఉంటుంది. పైకి ఉన్న వైపు కిందికి వస్తుంది. వెన్న పైకే కదా రాస్తాం. రాబర్ట్ మాథ్యూస్ అనే ఆయన 1995లో దీని మీద భౌతికశాస్త్ర పత్రిక ఒకదానిలో వ్యాసమే రాశాడు, మరుసటి ఏడాది నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ బహుమతి కూడా వచ్చింది.

బుజ్జి_తల్లి
చదివి వినిపించాను. "అయితే ఇంకా ఎత్తు టేబుల్ కొందాం, పూర్తిగా తిరిగి మళ్ళీ వెన్న పైకి వస్తుంది" అన్నాడు.

రసాయనశాల
లెక్క సరిగ్గా వేశాడు! ఆ వ్యాసంలోనూ అదే ఉంది, టేబుల్ మనిషి కన్నా చాలా ఎత్తుండాలి. నా తరఫున వాడికో దాల్చినచెక్క టోస్ట్ పెట్టండి.

పొద్దుటి_కాఫీ
నాలుగు రోజులు వరసగా చేసి చూశాను, చెప్పినట్టే రాస్తున్నాను.

మొదటి రోజు గుడారం. ఒక్క నిమిషం నిలబెట్టాక చల్లారినట్టు అనిపించింది గానీ అడుగు గట్టిగా ఉంది. వెన్న అంచుల దాకా రాసి పైన జామ్. పది నిమిషాల తర్వాత కూడా వంగలేదు. రెండో రోజు వెన్నపూస గారి పద్ధతి, జామ్ లేకుండా. మొదటిసారి వెన్న రుచి విడిగా తెలిసింది. ఇన్నాళ్ళూ జామ్ కింద అది ఉందన్న సంగతే నాకు గుర్తులేదు. మూడో రోజు టమాటా. కాఫీ ముందే కలుపుకున్నాను. వెల్లుల్లి ఎక్కువ రుద్దాను, ఆఫీసులో మధ్యాహ్నం దాకా నోరు మూసుకునే ఉన్నాను, అయినా మళ్ళీ చేస్తాను. ఈ రోజు పెనం మీద, పైన గడ్డకట్టిన తేనె. దీనికే నా ఓటు.

ఒక్క ఇబ్బంది మిగిలింది. టోస్టర్‌లో మొదటి రెండు సరిగ్గా వస్తున్నాయి, వెంటనే అదే నంబర్ మీద ఇంకో రెండు పెడితే మాడుతున్నాయి.

పాతరేడియో
మొదటి విడతకే టోస్టర్ గోడలు వేడెక్కి ఉంటాయి. సమయం లెక్కపెట్టి ఆపే రకమైతే రెండో విడతకీ అంతే సమయం ఇస్తుంది, వేడి మాత్రం ఎక్కువ తగులుతుంది. రెండో విడతకి అర నంబర్ తగ్గించండి.

మాడిన_అంచు
తగ్గించకండి. ఆ రెండూ నాకు పంపండి.

వెన్నపూస
కాఫీ గారూ, ఆ తేనె కింద వెన్న వేశారా లేదా? అది చెప్పలేదు.

పొద్దుటి_కాఫీ
వేశాను. రెండుసార్లు.